చచ్చిన కాలేజీలో అమరావతి రాళ్ళు: లండన్‌లో ఉన్నవి ఎవరివి?

పెరంబూరు_పద్మ | ఆదివారం, రాత్రి 9.40

మా నాన్నగారి తరం వాళ్ళు ఎగ్మోరు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనేవారు. జంతువుల పార్కు బతికిన కాలేజీ. నెల్లూరు నుంచి చుట్టాలు వస్తే రెండు కాలేజీలూ తిప్పి, మెరీనాలో సుండల్ తినిపించి రైలెక్కించేవారట. ఇన్నేళ్ళు మద్రాసులోనే ఉండి నేను ఆ చచ్చిన కాలేజీలో అడుగు పెట్టింది ఇవాళే. అదీ మా అమ్మాయి ఏడో తరగతి ప్రాజెక్టు పుణ్యం.

పిల్ల అమరావతి శిల్పాల దగ్గరే ఆగిపోయింది. "అమరావతి తాతయ్యవాళ్ళ గుంటూరు పక్కనే కదా, ఇవి ఇక్కడెందుకున్నాయి?" అంది. ఏదో చెప్పి తప్పించుకోబోయాను. పక్కనే ఉన్న పెద్దాయన ఒకరు "మంచివి లండన్‌కు పోయాయమ్మా, ఇవి మిగిలినవి" అన్నారు. ఇక చూడండి! "వారసత్వ సంపదను కాపాడటానికి దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయని మా పుస్తకంలో ఉంది. మరి అడిగితే ఇచ్చేయరా?" అని బస్సు దిగేదాకా అదే ప్రశ్న.

అడిగితే ఇస్తారా? ఆ ఒప్పందాలు ఏమిటి? అవి ఎవరికైనా పనికివచ్చాయా? తెలిసినవారు తీరికగా చెప్పండి. ప్రాజెక్టు వచ్చే సోమవారం ఇవ్వాలి.

ముక్కుసూటి | ఆదివారం, రాత్రి 9.52

దొంగసొత్తు. తిరిగి ఇవ్వాలి. ఇందులో చర్చించడానికి ఏముంది?

దీపాలదిన్నె | ఆదివారం, రాత్రి 11.15

ముక్కుసూటి గారూ, వ్యవహారం మీ పేరంత సూటిగా ఉంటే ఈపాటికి తేలిపోయేది.

మాది అమరావతి పక్క ఊరు. స్తూపం ఉన్న మట్టిదిబ్బను దీపాలదిన్నె అనేవారు, నేను పెట్టుకున్న పేరు అదే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిబ్బను తవ్వారు. బయటపడ్డ పలకలు కొన్ని కట్టడాల్లో కలిశాయి, కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. అమరావతి పాలరాళ్ళని పేరేగానీ అది పల్నాటి సున్నపురాయి. కాలిస్తే సున్నం అవుతుంది. కాల్చారు కూడా.

ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816 ప్రాంతంలో మనుషులను పెట్టి పలకలకు బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని తర్వాత ఎవరికీ కనిపించలేదు. కాగితం మిగిలింది, రాయి పోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు వచ్చాయి. వచ్చి ఏళ్ళ తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కాయి, 120 పైచిలుకు. లండన్‌లోనూ వాటికి వెంటనే పీట వేసినవారు లేరు. కొన్నాళ్ళు ఒక పాత బంగళా కొట్టంలో పడి ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు మీరు ఎగ్మోరులో చూసినవాటిలో ఎక్కువ భాగం 1881-82లో పురావస్తు అధికారి బర్జెస్ తవ్వకాల తర్వాత వచ్చినవి. వాటినేమో మ్యూజియం గోడల్లో సిమెంటు పెట్టి బిగించారు. సిమెంటులోని లవణాలు రాతిని లోపలి నుంచి తినేశాయి. కాపాడదామని చేసిన పనే అది.

కాబట్టి పద్మమ్మా, పిల్లకు ఒక మాట చెప్పండి. మా ఊరివాళ్ళ లెక్కలో మద్రాసు కూడా లండనే. అప్పుడు ఇద్దరిలో ఎవరూ మమ్మల్ని అడిగి తీసుకుపోలేదు.

పెరంబూరు_పద్మ | సోమవారం, ఉదయం 6.20

మాస్టారూ, చివరి మాట చదివి మా ఆయన కాఫీ ఒలకబోసుకున్నారు. చిన్నప్పటి నుంచి మద్రాసు మనదే మనదే అని వాదించే మనిషి!

నల్లకోటు | సోమవారం, ఉదయం 8.05

చట్టం సంగతి నేను చెబుతాను. హైకోర్టుకు వెళ్ళే రైల్లో టైపు చేస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

పిల్ల పుస్తకంలో ఉన్న ఒప్పందాలు రెండు. చాలామంది కలిపేస్తారు. 1970లో యునెస్కో ఆధ్వర్యంలో వచ్చినది సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను ఆపడానికి. 1972లో వచ్చినది ప్రపంచ వారసత్వ ప్రదేశాలను కాపాడటానికి. మన దేశం రెండింటిలోనూ 1977లో చేరింది. రామప్ప గుడికి 2021లో గుర్తింపు వచ్చింది రెండోదాని కింద. అమరావతి రాళ్ళ వంటి తగాదా మొదటిదాని కిందకు రావాలి. కానీ రాదు.

ఎందుకంటే ఆ ఒప్పందం వెనక్కి నడవదు. రెండు దేశాలూ అందులో చేరిన తర్వాత జరిగిన దొంగతనాలకే అది వర్తిస్తుంది. 1859 నాటి ఓడకు అందులో చోటు లేదు. పైగా బ్రిటిష్ మ్యూజియానికి 1963 నాటి సొంత చట్టం ఒకటుంది. అక్కడి ధర్మకర్తలు మనసుపడి ఇద్దామనుకున్నా, కొన్ని మినహాయింపులు తప్ప, వస్తువును వదులుకునే అధికారం వాళ్ళకు లేదు. ఆ చట్టాన్ని మార్చవలసింది వాళ్ళ పార్లమెంటు.

మరీ పాతవి వెనక్కి వచ్చినా ఆ దారి వేరు. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రావా బౌద్ధ స్తూపంలో దొరికిన రత్నాలను తవ్వినాయన వారసులు 2025 మేలో హాంగ్‌కాంగ్‌లో వేలానికి పెట్టారు. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో వేలం ఆగింది. జులైలో రత్నాలు ఇండియాకు వచ్చాయి, కానీ కోర్టు తీర్పుతో కాదు, ఒక భారతీయ వ్యాపార సంస్థ డబ్బు పెట్టి కొంటే. దొంగతనం అన్నామా, బేరం అన్నామా? రెండూ ఒకే నోటితో అన్నాం.

స్టేషను వచ్చింది, ఉంటాను.

ముక్కుసూటి | సోమవారం, ఉదయం 8.30

అంటే దొర పట్టుకుపోతే అడగడానికి వీల్లేదు, పక్కింటివాడు పట్టుకుపోతే మాత్రం కేసు. భలే ఒప్పందం. ఈ అంతర్జాతీయ సహకారాలన్నీ అయిదు నక్షత్రాల హోటళ్ళలో భోజనం చేసి ఫోటో దిగడానికే అని నా అభిప్రాయం. కాదంటే ఒక్క తెలుగు రాయి వెనక్కి వచ్చిందని చూపించండి.

దీపాలదిన్నె | సోమవారం, మధ్యాహ్నం 1.10

చూపిస్తాను. చందవరం.

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బౌద్ధ క్షేత్రం అది. అక్కడి పలక ఒకటి, బుద్ధుడిని ఆరాధిస్తున్న భక్తుల శిల్పం, మూడో శతాబ్దానిది, మాయమై న్యూయార్క్ వ్యాపారి సుభాష్ కపూర్ దుకాణం ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. దానికి కొన్నామన్న రసీదు ఉంది, పూర్వ యజమానుల కథ ఉంది. ఆ కథ అబద్ధం. పలక చందవరంలో ఉన్నప్పటి ఫోటో ముందు ఆ కాగితాలు నిలబడలేదు. 2016లో ఆస్ట్రేలియా దాన్ని మనకు అప్పగించింది.

అదే వ్యాపారి, అదే గ్యాలరీ: అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడి నటరాజును 2008లో 50 లక్షల డాలర్లకు అమ్మాడు. గుడి మూతబడి ఉండటంతో విగ్రహాలు పోయిన సంగతి ఊరికి రెండేళ్ళ దాకా తెలియనే లేదు. ఆ స్వామి 2014 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. వ్యాపారి 2011లో జర్మనీలో దొరికాడు, మరుసటి ఏడాది మనకు అప్పగించారు, 2022లో కుంభకోణం కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. ఒక ఊరి గుడి దొంగతనం తేలడానికి తమిళనాడు, న్యూయార్క్, ఫ్రాంక్‌ఫర్ట్, కాన్‌బెర్రా నాలుగూ కలిసి నడవవలసి వచ్చింది. సహకారం అంటే నా దృష్టిలో ఇది. హోటల్ భోజనం మాట నాకు తెలియదు.

అసలు సాక్ష్యం ఎక్కడిదో తెలుసా? పాండిచ్చేరిలో 1955లో మొదలైన ఫ్రెంచి సంస్థ ఒకటుంది. వాళ్ళు దక్షిణాది గుళ్ళన్నీ తిరిగి విగ్రహాలకు ఫోటోలు తీసి దాచారు. లక్షన్నరకు పైనే ఉంటాయి. దొంగలను పట్టుకుందామని తీసినవి కావు, పరిశోధన కోసం తీసుకున్నవి. ఇవాళ ప్రపంచంలో ఏ మ్యూజియంలో చోళుల కంచు కనబడినా మొదట వెతికేది అక్కడే.

నల్లకోటు | సోమవారం, రాత్రి 9.00

మాస్టారు చెప్పినదానికి నాదొక చేర్పు. తిరుమంగై ఆళ్వార్ కంచు విగ్రహం ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియానికి చేరింది. వాళ్ళు 1967లో వేలంలో కొన్నారు. అంటే 1970 ఒప్పందానికి ముందే. చట్టప్రకారం వాళ్ళను కదిలించలేం. కానీ అదే విగ్రహం 1957లో కుంభకోణం దగ్గరి గుడిలో ఉన్నట్టు పాండిచ్చేరి ఫోటో చెప్పింది. ఒక పరిశోధకుడు ఆ సంగతి మ్యూజియానికి రాశాడు. మ్యూజియమే స్వయంగా మన రాయబార కార్యాలయానికి తెలియజేసింది. 2024లో విశ్వవిద్యాలయం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది.

ఒప్పందం చేయలేని పని ఒక నలుపు తెలుపు ఫోటో చేసింది. ముక్కుసూటి గారూ, ఒప్పందం పనికిమాలినదని నేననను. ఒప్పందం తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్ళి ఇది మాది అనడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

లండన్ కోర్టులో పత్తూరు నటరాజు కేసు గుర్తుకొస్తోంది. 1976లో ఒక కూలీ మట్టి తవ్వుతుంటే బయటపడ్డ విగ్రహం. చేతులు మారి లండన్ చేరింది. ఫోటో లేదు, ఏమీ లేదు. అక్కడి మట్టి, ఇక్కడి మట్టి, లోహం అన్నీ పోల్చి నిరూపించవలసి వచ్చింది. గుడి తరఫున వ్యాజ్యం నడిచింది, ఇంగ్లీషు కోర్టు గుడికి ఆ హక్కు ఉందని ఒప్పుకుంది. 1991లో స్వామి తిరిగి వచ్చాడు. మా వృత్తిలో ఆ కేసు గురించి చెప్పుకుంటూ ఎన్ని గంటలైనా గడిపేస్తాం. కానీ ప్రతి ఊరికీ అంత ఖర్చు పెట్టి మట్టి పరీక్షలు చేయించే స్తోమతు ఎక్కడుంటుంది?

ఊరి_కోవెల | సోమవారం, రాత్రి 11.48

ఈ వేదికలో చేరి నాలుగేళ్ళయింది, ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది పెన్న ఒడ్డున చిన్న ఊరు. ఊరి పేరు చెప్పను. కృష్ణుడి గుడి. పదిహేనేళ్ళ కిందట ధనుర్మాసంలో ఉత్సవ విగ్రహాలు పోయాయి. స్వామి, ఇద్దరు అమ్మవార్లు. పంచలోహం. తెల్లవారుజామున తిరుప్పావైకి వచ్చిన ఆడవాళ్ళు చూశారు, తాళం పగిలి ఉంది, పీఠం ఖాళీ.

మా నాన్నగారు, అర్చకులు కలిసి ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్ళారు. మొదట అడిగిన ప్రశ్న: ఫోటో ఉందా? లేదు. గర్భగుడిలో ఫోటోలు తీయకూడదని మా తాతల నాటి కట్టుబాటు, మేం గర్వంగా పాటించాం. పోనీ కొలతలు? జానెడున్నర ఉంటుందన్నారు అర్చకులు. బరువు? మోసేటప్పుడు ఇద్దరం పట్టేవాళ్ళం అన్నారు. ఇంకేదైనా గుర్తు చెప్పమంటే ఆ ముసలాయన చాలాసేపు ఆలోచించి "స్వామి నవ్వుతుంటారండీ" అన్నారు. కాగితం మీద అదే రాసుకున్నారు: నవ్వుతున్న కృష్ణుడు, లోహం, ఒకటి.

అంతే, కేసు అక్కడితో ఆగింది. ఎవరినీ తప్పుపట్టను. నేనే ఆ కుర్చీలో ఉన్నా ఏం చేయగలను? ప్రపంచంలో నవ్వని కృష్ణుడు ఎక్కడున్నాడు?

పోయిన ఏడాది ఎవరో విదేశీ మ్యూజియం వెబ్‌సైటు చూపించి ఇది మీదేనేమో చూడు అన్నారు. చూశాను. మాదే అనిపించింది. మరుసటి రోజు చూస్తే కాదనిపించింది. అర్చకులు పోయి ఆరేళ్ళయింది. గుర్తుపట్టగలిగిన కళ్ళు కూడా పోయాయి.

పెరంబూరు_పద్మ | మంగళవారం, ఉదయం 6.05

అన్నా, పొద్దున్నే చదివి మాట రాలేదు. ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ ఒక్క ఫోటో కూడా లేదా? ఊరేగింపులో, పెళ్ళిళ్ళలో? మా అత్తగారి ఊళ్ళో శ్రీరామనవమికి పందిట్లో దేవుడి పక్కన నిలబడి దిగని మనిషి ఉండడు.

నల్లకోటు | మంగళవారం, ఉదయం 8.10

పద్మ గారు అన్నది అసలైన మాట. అన్నా, వెతకండి. గర్భగుడిలో తీయలేదు సరే, ఉత్సవ విగ్రహం బయటకు రాకుండా ఉంటుందా?

దొరికితే ఏం చేయాలో చెబుతాను. పోయిన కళాఖండాలకు ఇంటర్‌పోల్ దగ్గర ఒక జాబితా ఉంది, 50 వేలకు పైగా వస్తువులున్నాయి. అది చూడటానికి 2021 నుంచి ఫోన్ యాప్ కూడా ఉంది, మామూలు జనం ఎవరైనా వెతుక్కోవచ్చు. కానీ అందులో పేరు ఎక్కించడం మన చేతిలో లేదు. ఊరి స్టేషను నుంచి రాష్ట్ర పోలీసులకు, అక్కడి నుంచి సీబీఐకి వెళ్ళాలి. ఇంటర్‌పోల్‌తో మన దేశం తరఫున మాట్లాడేది సీబీఐ. ఎక్కించడానికి వాళ్ళు కోరేది ఫోటో, కొలతలు, లోహం, దాని మీది రాతలు, ఇంకా దానికే ప్రత్యేకమైన లోపాలు. విరిగిన వేలు, సొట్ట, అతుకు. 1997 నుంచి ప్రపంచమంతా ఈ పద్ధతిలోనే వివరాలు రాసుకుంటోంది, ఆబ్జెక్ట్ ఐడీ అంటారు. మనిషికి పుట్టుమచ్చలు రాసుకున్నట్టే. నవ్వు దానికి పనికిరాదు, సొట్ట పనికివస్తుంది.

మన 1972 పురావస్తువుల చట్టం కూడా నూరేళ్ళు దాటిన విగ్రహాలను ఫోటోతో నమోదు చేయించమనే చెబుతుంది. చేయించిన గుళ్ళు ఎన్నో మీ ఊళ్ళో మీరే అడిగి చూడండి.

రాయపురం_రేవు | మంగళవారం, మధ్యాహ్నం 3.30

విగ్రహాల మధ్య దుంగలు తెస్తున్నానని తిట్టకండి. ప్రకృతి సంపద కూడా వారసత్వమే కదా. నేను హార్బరులో కస్టమ్స్ క్లియరింగ్ పని చేస్తాను, ఇరవై రెండేళ్ళ అనుభవం.

ఎర్రచందనం ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగదు, మన శేషాచలం, నల్లమల, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప. ఎగుమతి అయ్యేది, పట్టుబడేది మాత్రం ఎక్కువగా మా మద్రాసులో. కంటెయినర్ కాగితాల మీద గ్రానైట్ అని, ఉల్లిపాయలని ఉంటుంది. తలుపు తీస్తే ముందు వరస నిజంగానే ఉల్లిపాయలు, వెనక ఎర్రటి దుంగలు. అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం ఒకటుంది, సైటిస్ అంటారు. 1995లో దీన్ని దాని రెండో అనుబంధంలో చేర్చారు. అంటే అనుమతి పత్రం లేనిదే దేశం దాటకూడదు, అవతలి దేశం కూడా ఆ పత్రం అడగాలి. అవతలివాడు అడగడమే ఇందులో కీలకం. మేం ఇక్కడ నూరు పెట్టెల్లో ఎన్ని తెరవగలం? అక్కడ దింపుకునేవాడు కాగితం లేదని వెనక్కి పంపితే ఇక్కడ నరికేవాడికి కూలి పుట్టదు.

మన దేశం ఎర్రచందనం వ్యాపారం సరిగా చూసుకోవడం లేదని 2004 నుంచి సైటిస్ వాళ్ళు పరిశీలనలో పెట్టారు. 2023 నవంబరులో ఆ జాబితా నుంచి తీసేశారు. ఆ వార్తకు మా ఆఫీసులో మిఠాయి పంచారు. నేను తినలేదు. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు, తమిళనాడు కొండ ఊళ్ళ నుంచి కూలికి వచ్చినవాళ్ళు. కొన్నవాడి పేరు ఒక్కటి ఎప్పుడైనా పేపర్లో చదివారా? విగ్రహాల విషయంలో న్యూయార్క్ వ్యాపారి దాకా వెళ్ళగలిగాం. దుంగల విషయంలో కొండ దిగువనే ఆగిపోతున్నాం.

ముక్కుసూటి | మంగళవారం, సాయంత్రం 5.02

మొదటిసారి ఈ వేదికలో ఒకరి మాటకు తల ఊపాను.

వేదిక నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 5.40

విషయం దారి తప్పుతోందని ఇద్దరు ఫిర్యాదు చేశారు. తప్పడం లేదు. కొనసాగించండి. కులం పేరుతో రాసిన ఒక వ్యాఖ్య మాత్రం తీసేశాను.

ప్రళయకావేరి | మంగళవారం, రాత్రి 10.20

పులికాట్ గురించి ఎవరూ ఎత్తరేమని చూస్తున్నాను. మాది తడ దగ్గర. మేం ప్రళయకావేరి అంటాం, తమిళులు పళవేర్కాడు అంటారు. ఒకే సరస్సు, రెండు రాష్ట్రాలు, మూడు పేర్లు.

చలికాలంలో దిగే పక్షులకు ఇవేవీ తెలియవు. అవి ఎగిరే దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు, దాని కింద 30 దేశాలున్నాయి. వలస జీవుల కోసం 1979లో ఒప్పందం ఉంది, దాని సభ్యదేశాల సమావేశం 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగింది. ముప్ఫయి దేశాలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టవచ్చుగానీ, మా సరస్సు ముఖద్వారం ఇసుక ఎవరు తీయాలో తేల్చడానికి రెండు రాష్ట్రాలను ఒక బల్ల దగ్గరకు తేవడం నా జీవితంలో చూస్తానో లేదో. ముఖద్వారం పూడితే సముద్రపు నీరు రాదు. ఆ నీరు రాకపోతే రొయ్య లేదు. రొయ్య లేకపోతే మా జాలరి వలకూ పక్షి ముక్కుకూ ఏమీ అందదు. కొల్లేరు 2002లో, మీ మద్రాసు పళ్ళికరణై 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేలల జాబితాలో, చేరాయి. చేరిన చిత్తడినేలల చుట్టూ ఏం కట్టారో పళ్ళికరణై పక్కన అద్దెకుంటున్నవాళ్ళు చెప్పాలి.

ఇంకొక ముచ్చట. పులికాట్‌లో డచ్చివాళ్ళ శ్మశానం ఉంది, ద్వారం మీద రాతి అస్థిపంజరాలు. 1613లో కట్టిన వాళ్ళ కోట ఆనవాళ్ళూ ఉన్నాయి. ఆ డచ్చి కంపెనీ చిట్టా పుస్తకాలు కొన్ని ఎగ్మోరు స్టేషను ఎదురుగా తమిళనాడు పురాలేఖల భవనంలో ఉన్నాయి. మిగతావి నెదర్లాండ్స్, ఇండోనేషియా, శ్రీలంక, దక్షిణాఫ్రికాల్లో. అయిదు దేశాలూ కలిసి అడిగితే 2003లో యునెస్కో ఆ కాగితాలన్నింటినీ కలిపి ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఎవరి కాగితం వాళ్ళ దగ్గరే ఉంది, వారసత్వం మాత్రం ఉమ్మడిది. రాళ్ళ విషయంలో ఇలా ఎందుకు కుదరదు? పద్మక్కా, మీ పిల్ల ప్రాజెక్టుకు ఈ ప్రశ్న ఇవ్వండి.

ముక్కుసూటి | బుధవారం, ఉదయం 7.15

కాగితం చదువుకోవడానికి. దేవుడు పూజకు. రెండూ ఒకటి కావు.

అయినా నా అసలు బాధ వేరు. ఇంత కష్టపడి తెచ్చిన విగ్రహాలను ఏం చేస్తున్నాం? తమిళనాడులో ఐకాన్ సెంటర్ల పేరుతో కటకటాల వెనక వరసగా పెట్టారు. 2024 నవంబరులో న్యూయార్క్ నుంచి ఒకేసారి 1440 వస్తువులు అప్పగించారని పేపర్లో వచ్చింది. వాటిలో ఎన్నింటికి మళ్ళీ దీపం పెడతారు? కాన్‌బెర్రాలో కనీసం జనం చూసేవారు.

దీపాలదిన్నె | బుధవారం, మధ్యాహ్నం 12.40

ఇది న్యాయమైన ప్రశ్న, నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాపలా లేని గుడిలో తిరిగి పెడితే మళ్ళీ పోతుందని భయం. పెట్టకపోతే తెచ్చి లాభమేమిటని బాధ. పండుగ రోజుకు బందోబస్తుతో ఊరికి తెచ్చి, సాయంత్రానికి మళ్ళీ లోపల పెట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దేవుడికి పెరోల్ అన్నమాట.

సహకారం అంటే మనం ఎప్పుడూ చేయి చాపేవాళ్ళమేనని అనుకోకండి, అది చెప్పి ఆపుతాను. నాగార్జునసాగర్ కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా మన పురావస్తు శాఖ ఆ లోయను తవ్వింది. ఇక్ష్వాకుల కట్టడాలు కొన్నింటిని కొండ మీదకు, కొన్నింటిని అనుపుకు తరలించి తిరిగి కట్టింది. అదే సమయంలో ఈజిప్టు అస్వాన్ ఆనకట్ట కింద నూబియా లోయ మునగబోతోంది. 1960లో యునెస్కో పిలుపు ఇచ్చింది. అబూ సింబెల్ గుళ్ళను ముక్కలుగా కోసి 65 మీటర్లు పైకి ఎత్తి నిలబెట్టారు, 50 దాకా దేశాలు చేయూతనిచ్చాయి. మనవాళ్ళూ వెళ్ళారు. బి.బి.లాల్ నాయకత్వంలో 1961-62లో అక్కడ అఫ్యే అనే చోట తవ్వారు. మన లోయ మునుగుతుండగానే ఇంకొకరి లోయకు పార పట్టుకుని వెళ్ళడం నాకు చాలా ఇష్టమైన సంగతి. తర్వాత కంబోడియాలోని అంకోర్ వాట్‌లో 1986 నుంచి 1993 దాకా పనిచేశారు. ఆ నూబియా అనుభవం నుంచే 1972 ఒప్పందం పుట్టిందంటారు.

మునిగిన నాగార్జునకొండలో మా అమ్మమ్మవాళ్ళ ఊరు కూడా ఉండేది. దానికి మాత్రం ఎవరూ బొమ్మ గీయలేదు.

ఊరి_కోవెల | శుక్రవారం, రాత్రి 10.55

దొరికింది.

మా మేనమామ కూతురి పెళ్ళి గుళ్ళోనే జరిగింది, 1998లో. వీడియో క్యాసెట్ ఉందని అత్తయ్యకు గుర్తొచ్చింది. బూజు పట్టింది. నెల్లూరులో ఒక స్టూడియోవాడు తుడిచి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. రెండు గంటల పెళ్ళిలో స్వామి కనబడేది పదకొండు సెకన్లు. పెళ్ళికొడుకు తలపాగా సగం అడ్డం. అయినా ఎడమ పాదం కనబడుతోంది, చిటికెన వేలు లేదు. ఆ వేలు లేదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. కుడి వైపు అమ్మవారి భుజం దగ్గర అతుకు ఉంది.

నల్లకోటు గారూ, మీకు ఆ బొమ్మలు పంపాను. కొలత ఒక్కటే లేదు. దానికేం చేయాలో తోచడం లేదు.

పెరంబూరు_పద్మ | శనివారం, ఉదయం 7.30

అన్నా, ఆ బొమ్మ మా అమ్మాయికి చూపించాను. స్వామి పక్కన తీర్థం చెంబు ఉంది చూశారా? ఆ చెంబు ఇప్పటికీ గుళ్ళో ఉందేమో అడగమంటోంది. ఉంటే స్కేలు పెట్టి కొలిచి చెబితే, బొమ్మలో చెంబు ఎంత ఉంది, స్వామి ఎంత ఉన్నారు, నిష్పత్తి వేస్తానంటోంది. ఈ నెలే క్లాసులో చెప్పారట.

నల్లకోటు | శనివారం, ఉదయం 8.00

రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉంటేనే లెక్క కుదురుతుంది. బొమ్మలో ఒకే పీట మీద ఉన్నట్టే కనబడుతోంది. 'సుమారు' అని రాసి, లెక్క ఎలా వేశామో కూడా రాద్దాం.

ఊరి_కోవెల | ఆదివారం, ఉదయం 9.10

చెంబు ఉంది. కొత్త అర్చకులు రోజూ దానితోనే తీర్థం ఇస్తున్నారు. మా తమ్ముడు కొలిచాడు. అడుగు నుంచి అంచు దాకా 14 సెంటీమీటర్లు.

పెరంబూరు_పద్మ | ఆదివారం, ఉదయం 9.42

బొమ్మలో చెంబు 42 మిల్లీమీటర్లు, స్వామి 93. పాపే రెండుసార్లు కొలిచింది. సుమారు 31 సెంటీమీటర్లు.

ఊరి_కోవెల | ఆదివారం, ఉదయం 9.50

జానెడున్నర అన్నారు మా అర్చకులు. నా జానతో ఇప్పుడే కొలిచి చూశాను.